ఖాళీగా ఉన్న ఎడమ కాలు

ముందే ఒప్పేసుకుంటాను. ఈ గొడవంతా నా నోటి వల్ల వచ్చింది. ఆ రోజు మీటింగులో ఇచ్చిన జీడిపప్పు నములుతూ నోరు మూసుకుని కూర్చుని ఉంటే, మా శాఖలో ఎవరి కాళ్ళు ఏం చేస్తున్నాయో ఎవరూ పట్టించుకునేవారు కాదు.

మా శాఖ పేరు చెప్పను. చెబితే "అలాంటి శాఖ ఒకటుందా?" అంటారు, నా మనసు నొచ్చుకుంటుంది. గుంటూరులో మూడంతస్తుల మేడ, నలభై ఒక్క మంది సిబ్బంది, ఒక డైరెక్టరు గారు, రెండు వాహనాలు. ఆ రెండు వాహనాలకూ నేను అసిస్టెంట్ ఇంజినీరుని. నా పేరు ఫణిభూషణం. రెండు బళ్ళకు ఒక ఇంజినీరు ఎందుకని మా ఆవిడ పెళ్ళయిన కొత్తలో అడిగింది. పన్నెండేళ్ళయింది, విషయం ఇంకా పరిశీలనలోనే ఉంది.

మొదటిది పాత జీపు. రెండోది మొన్న మార్చిలో డైరెక్టరు రాజారత్నం గారి కోసం కొన్న ఆటోమేటిక్ కారు. గేర్లు దానంతట అదే మార్చుకుంటుంది. క్లచ్చి ఉండదు. రెండింటినీ నడిపేది నాగుల్ మీరా ఒక్కడే. ముప్పై ఒక్క సంవత్సరాల సర్వీసులో బండి మీద ఒక గీత పడలేదు, సర్వీసు రిజిస్టరులో ఒక ఎర్ర సిరా మాట పడలేదు. జూన్ ముప్పైన రిటైరవుతున్నాడు.

మే నెల మీటింగులో రాజారత్నం గారు కుర్చీలో వెనక్కి వాలి, "కొత్త కారు ఎక్కితే నేల మీద ఉన్నట్టే లేదయ్యా. నూట పద్దెనిమిది హార్స్ పవరట" అన్నారు. అందరూ తలలూపారు. నేనూ ఊపి ఊరుకోవలసింది.

"సార్, ఆ నూట పద్దెనిమిదీ ఇంజనులో పుడుతుందండీ. చక్రాల దాకా మొత్తం రాదు" అన్నాను.

పన్నెండేళ్ళలో నా మాటకు గది నిశ్శబ్దమైపోవడం అదే మొదటిసారి. ఆ నిశ్శబ్దం నాకు నెత్తికెక్కింది. లేచి నిలబడ్డాను. రెండు ఫ్యాన్లు ఎదురెదురుగా పెట్టి ఒకటి తిప్పితే, ఆ గాలికి రెండోది కూడా తిరుగుతుంది చూడండి, ఆటోమేటిక్ కారులో గాలి బదులు నూనె ఉంటుంది, ఇంజను ఒక ఫ్యానును తిప్పితే నూనె రెండోదాన్ని తిప్పుతుంది, మధ్యలో కొంత జారిపోతుంది అన్నాను. జీపులో అయితే క్లచ్చి పళ్ళేలు గట్టిగా పట్టుకుంటాయి కాబట్టి నూటికి పదిహేను పోతుంది, ఈ కారులో ఇరవై దాటి పోతుంది అన్నాను. ఇప్పటి మరీ కొత్త రకాల్లో ఈ తేడా బాగా తగ్గిందని కూడా చెప్పబోయాను. అప్పటికే డైరెక్టరు గారు వినడం మానేశారు.

"పోతుందంటే ఎక్కడికి పోతుంది?"

"వేడిగా మారి గాలిలో కలిసిపోతుంది సార్."

"ఎవరి అనుమతితో?"

అది మాకు కాలేజీలో చెప్పలేదు.

మా శాఖలో ఒక నిబంధన ఉంది. నష్టం జరిగినట్టు తెలిసిన ముప్పై రోజుల్లోగా దానికి ఒక మనిషిని బాధ్యుణ్ణి చేయాలి. చెదలు పట్టినా, పిడుగు పడినా మినహాయింపు లేదు. ఆరేళ్ళ క్రితం గాలివానకు సైకిల్ షెడ్డు రేకులు ఎగిరిపోతే, గాలి వస్తున్నట్టు పైఅధికారులకు లిఖితపూర్వకంగా తెలియజేయలేదని వాచ్‌మన్ మీద చర్య తీసుకున్నారు. ఆ సంగతి నాకు తెలుసు. ఆ ఫైలు మీద నా సంతకం కూడా ఉంది.

మర్నాటికల్లా గేటు మీద "నష్టరహిత పరిపాలనే మా ధ్యేయం" అని బ్యానరు కట్టారు. శక్తి నష్ట విచారణ కమిటీ వేశారు. నన్ను కన్వీనరు చేశారు. సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు చాలా సంతోషమైంది. ఇంటికెళ్ళి మా ఆవిడకు చెప్పాను.

"ఎవరు ఇరుక్కుంటారు?" అంది.

"ఇది సాంకేతిక విచారణ. ఎవరూ ఇరుక్కోరు" అన్నాను. ఆవిడ నా వంక ఒకసారి చూసి చారుకు పోపు పెట్టడానికి వెళ్ళిపోయింది.

ఒక ఇంజినీరింగ్ కాలేజీలో చక్రాలను రోలర్ల మీద పెట్టి శక్తి కొలిచే యంత్రం ఉంది. రెండు బళ్ళనూ అక్కడికి తోలుకెళ్ళాం. జీపు ఇంజనులో అరవై ఎనిమిది, చక్రాల దగ్గర యాభై ఎనిమిది. కారు ఇంజనులో నూట పద్దెనిమిది, చక్రాల దగ్గర తొంభై ఒకటి. నూటికి ఇరవై మూడు పోయింది. నేను చెప్పినట్టే వచ్చిందని ఆ యంత్రం ముందు నిలబడి ఫోటో తీయించుకున్నాను.

కమిటీ కూర్చుంది. రాజారత్నం గారు స్వయంగా బోర్డు దగ్గరకు వెళ్ళి నిలువుగా ఒక గీత గీసి, ఒక పక్క "జీపు", రెండో పక్క "కారు" అని రాశారు.

"జీపు నడిపేటప్పుడు డ్రైవరు ఎడమ చెయ్యి ఏం చేస్తుంది?"

"గేరు మారుస్తుంది సార్" అన్నాను.

"ఎడమ కాలు?"

"క్లచ్చి తొక్కుతుంది సార్."

"కారులో?"

"రెండూ ఖాళీయే సార్."

ఆయన సుద్దముక్క కింద పెట్టి చేతులు దులుపుకున్నారు. "దొరికింది. పనిచేసే అవయవాలు నాలుగు ఉన్నప్పుడు నష్టం పదిహేను. రెండు ఖాళీగా కూర్చున్నప్పుడు ఇరవై మూడు. ఒక్కో అవయవానికి నాలుగేసి చొప్పున లెక్క సరిపోయింది."

"సార్, కాలు తొక్కినందువల్ల ఇంజనుకు శక్తి రాదండీ" అని సన్నగా అన్నాను.

"ఫణిభూషణం గారూ, మీరు యంత్రం వైపు నుంచి చూస్తున్నారు. నేను పరిపాలన వైపు నుంచి చూస్తున్నాను. మానవ వనరుల వినియోగం తగ్గింది, తత్ఫలితంగా నష్టం పెరిగింది. ఇంతకంటే సూటి సంబంధం మీ పుస్తకాల్లో ఉంటే చూపించండి."

అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. మరీ గట్టిగా కాదు.

సాయంత్రానికి నాగుల్ మీరాకు ఛార్జి మెమో వెళ్ళింది. దాని చిత్తుప్రతి తయారు చేసింది కన్వీనరే కాబట్టి నాకు కంఠతా వచ్చు. "శ్రీ షేక్ నాగుల్ మీరా, డ్రైవరు, ప్రభుత్వ వాహనం నడుపు సమయమున తన ఎడమ కాలిని, ఎడమ చేతిని విధి నిర్వహణకు వినియోగించక నిరుపయోగముగా ఉంచి, తద్వారా ఇరవై ఏడు హార్స్ పవరు మేర నష్టమునకు కారకుడైనట్లు ప్రాథమికముగా నిర్ధారణ అయినది. ఏల చర్య తీసుకొనరాదో సంజాయిషీ ఇవ్వవలసినది."

సంజాయిషీ వచ్చేలోగా నష్టాన్ని ఆపాలి కదా. వడ్రంగిని పిలిపించి కారులో ఎడమ కాలి దగ్గర టేకు చెక్కతో ఒక పెడలు, సీటు పక్కన ఒక గేరు కర్ర బిగించారు. రెండూ దేనికీ తగిలి ఉండవు. గేరు మార్చినప్పుడల్లా డ్రైవరు పైకి చెప్పాలని కూడా ఆదేశం వచ్చింది. పర్యవేక్షణకు ముందు సీట్లో నన్ను కూర్చోబెట్టారు.

శంకర్ విలాస్ సెంటర్లో సిగ్నలు పడింది. నాగుల్ మీరా చెక్క పెడలు తొక్కి, కర్ర లాగి, "ఒకటో గేరు సార్" అన్నాడు. కారు అప్పటికే దాని పద్ధతిలో అది బయల్దేరింది. "రెండో గేరు సార్" అనేసరికి అది నాలుగులో ఉంది. వెనక సీట్లో రాజారత్నం గారు కళ్ళు మూసుకుని, "తేడా తెలుస్తోందయ్యా, బండి నిండుగా పోతోంది" అన్నారు. ఆటోవాడొకడు పక్కకొచ్చి మా చెక్క పెడలును, తర్వాత నన్ను ఎగాదిగా చూశాడు. నేను అద్దం పైకి ఎత్తుకున్నాను.

మళ్ళీ రోలర్ల మీద కొలిచాం. ఈసారి తొంభై వచ్చింది. ఆ రోజు ఎండ మండిపోతోంది, వేడి గాలికి ఇంజను కొంచెం డీలా పడుతుంది, అంతే. ఆ సంగతి రాశాను. నా రాతకు కింద డైరెక్టరు గారు ఇంకో వాక్యం రాశారు. పెడలు సమకూర్చిన తరువాత కూడా నష్టం పెరిగినందున, డ్రైవరు దానిని మనస్ఫూర్తిగా తొక్కుట లేదని తేటతెల్లమైనదట. ఇక ఇది నిర్లక్ష్యం కాదు, ఉద్దేశపూర్వక చర్య అంటూ రెండో మెమో వెళ్ళింది.

ఆ మధ్యాహ్నం నాగుల్ మీరా నా గదికి వచ్చాడు. రెండు మెమోలూ మడత నలగకుండా ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని తెచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"ఏఈ గారూ, ఇదేందండీ ఇది? నా కాలు ఖాళీగా ఉంటే బండి బలం తగ్గుద్దా?"

"తగ్గదు భాయ్."

"మరి మీరే రాశారంట గదా?"

నేను ఫ్యాను వంక చూశాను. దాని ఎదురుగా ఇంకో ఫ్యాను లేనందుకు సంతోషించాను.

ఆయన వంగి ప్యాంటు ఎడమ కాలు మోకాలి దాకా పైకి లాగాడు. మోకాలు కుడిదానికి రెండింతలుంది. పట్టీ చుట్టి ఉంది. "ముప్పై ఒక్కేళ్ళు ఆ జీపు క్లచ్చి తొక్కానండీ. మాచర్ల ఘాటు, శ్రీశైలం ఘాటు, అన్నీ దీంతోటే ఎక్కించా. డాక్టరు గుజ్జు అరిగిపోయిందన్నాడు. ఈ కొత్త కారొచ్చిన రోజు మా ఇంటిదానితో అన్నా, దేవుడు ఆఖర్లో నా ఎడం కాలికి మూణ్ణెల్లు సెలవిచ్చాడే అని. దాన్నిట్టా రాశారేందండీ?"

ఆ మోకాలు చూసిన క్షణం నా ఫోటో, నా కన్వీనరు గిరీ అన్నీ గుర్తొచ్చి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"ఇంకా పన్నెండు రోజులండీ. ముప్పయ్యో తారీకు సాయంత్రం దాకా నా రిజిస్టరు మీద మచ్చ పడకుండా చూడండి. పింఛను కాగితాలు ఆగుతాయని కాదు, ఆగితే ఆగినయ్. నాగుల్ మీరా సస్పెండై ఇంటికొచ్చాడని మా పేటలో అనగూడదు. అదొక్కటి చాలు."

"నేను చూసుకుంటాను భాయ్" అన్నాను. ఆయన నమ్మాడు. నేను కూడా నమ్మాను.

ఆ రాత్రి కాదు గానీ, మర్నాడంతా కూర్చుని ఆరు పేజీల నోటు రాశాను. నా జీవితంలో అంత బాగా ఎప్పుడూ రాయలేదు. "డ్రైవరు ఎడమ కాలు ఖాళీగా ఉన్న మాట వాస్తవమే, అయినప్పటికీ" అని మొదలుపెట్టి, నూనె సంగతి, వేడి సంగతి, మోకాలి సంగతి, ముప్పై ఒక్కేళ్ళ సర్వీసు, ఇందులో తొందరపాటు నాదేనన్న ఒప్పుకోలు, అన్నీ పెట్టాను. చదువుకుంటే నాకే కళ్ళు చెమర్చాయి. సూపరింటెండెంటు మణెమ్మ గారి చేతికి ఇచ్చాను.

మా ఆఫీసులో కాగితం నా దగ్గర నుంచి డైరెక్టరు గారి దాకా పదకొండు బల్లలు దాటాలి. రెండో బల్ల వారు సాంకేతిక పదజాలం ఎక్కువగా ఉందని రెండు పేజీలు తీసేశారు. నాలుగో బల్ల వారు మోకాలు వైద్య శాఖ పరిధిలోనిదన్నారు. ఐదో బల్ల వారికి ముప్పై ఒక్కేళ్ళ సర్వీసు ప్రస్తుత విషయానికి సంబంధించినదిగా కనబడలేదు. ఏడో బల్ల వారు నా ఒప్పుకోలు చూసి, పాపం ఈయన ఉద్యోగం పోతుందని జాలిపడి కొట్టేశారు. తొమ్మిదో బల్ల వారు "సంగ్రహముగా సమర్పించవలెను" అని రాశారు. పదకొండో బల్ల వారు సంగ్రహించారు.

డైరెక్టరు గారికి చేరింది ఒకటే వాక్యం. "డ్రైవరు ఎడమ కాలు ఖాళీగా ఉన్న మాట వాస్తవమేనని ఏఈ ధ్రువీకరించియున్నారు."

ఆటోమేటిక్ కారులోనయినా నూటికి డెబ్బై ఏడు చేరుతుంది. నా ఆరు పేజీల్లో చేరినది శత్రువుకు పనికొచ్చే ముక్క.

ఇక ఫైళ్ళు వద్దు, ఎదురుగా వెళ్ళి బల్ల గుద్ది చెబుతానని బయల్దేరాను. మెట్లెక్కుతూ మాటలు సిద్ధం చేసుకున్నాను. "సార్, ఇది అన్యాయం. తప్పు నాది. ఆ మెమోలు చింపెయ్యండి." రెండో అంతస్తుకు వచ్చేసరికి "చింపెయ్యండి" కాస్తా "పునఃపరిశీలించండి" అయింది. మూడో అంతస్తులో "అన్యాయం" జారిపోయింది. తలుపు తోసేసరికి "తప్పు నాది" ఎక్కడ పోయిందో తెలియదు.

రాజారత్నం గారు తలెత్తి, "ఏమయ్యా, ధ్రువీకరించావటగా? బాగుంది, నీలాంటి వాళ్ళు ఉండాలి" అన్నారు.

"చిత్తం సార్" అన్నాను. కిందికి దిగుతుంటే ఒళ్ళంతా వేడిగా ఉంది. పోయిన శక్తి ఎక్కడికి పోతుందో అప్పుడు నాకు అనుభవపూర్వకంగా తెలిసింది.

జూన్ ముప్పై వచ్చింది. కింద హాల్లో నాగుల్ మీరా వీడ్కోలు సభకు కుర్చీలు వేస్తున్నారు. ఆయన తెల్ల చొక్కా వేసుకుని వచ్చి, ఆఖరి రోజు కదా అని జీపును కూడా కడుగుతున్నాడు. పదకొండు గంటలకు మణెమ్మ గారు నా గదికి వచ్చి తలుపు దగ్గరగా వేసింది. చేతిలో సస్పెన్షన్ ఆర్డరు. సంతకం, సీలు అన్నీ ఉన్నాయి.

"నేను ధైర్యంగానే ఉన్నానండీ. కిందికి వచ్చేటప్పుడు పదకొండు బల్లల దగ్గర అరిగిపోయి ఏదో ఒకటి అవుతుందనుకున్నా" అంది ఆవిడ. "కానీ డైరెక్టరు గారు నష్టరహితం అంటున్నారు కదా. దీని దారిలో బల్లలన్నీ తీసేశారు. చూడండి ఏం రాశారో."

పైన ఎర్ర సిరాతో ఉంది. "మధ్యవర్తులు లేకుండా నేరుగా ఏఈ ద్వారా డ్రైవరుకు ఈ రోజు ఐదు గంటలలోపు అందజేసి సంతకం తీసుకోవలెను."

"ఐదు దాటితే?" అన్నాను.

"ఐదు దాటితే ఆయన మన ఉద్యోగి కాదు. ఇది చిత్తు కాగితం." ఆవిడ నా మొహంలోకి చూసింది. "ఇంజనుకూ చక్రానికీ మధ్య ఇప్పుడు మీరొక్కరే ఉన్నారండీ."

కిటికీలోంచి కిందికి చూశాను. నాగుల్ మీరా జీపు బానెట్టు తుడుస్తున్నాడు. బరువంతా కుడి కాలి మీద వేసి నిలబడ్డాడు.

జీవితమంతా నేను పనికిరాని భాగాన్నని లోపల్లోపల కుమిలిపోయినవాణ్ణి. పైనుంచి వచ్చినదాన్ని కిందికి పంపడం తప్ప ఏమీ చేయలేదు, అదీ పూర్తిగా పంపలేదు. ఆ రోజు మొదటిసారి నాకు నా పని అర్థమైంది. తెల్లకాగితం తీసుకుని ఒక్క ప్రశ్న రాశాను.

"ఆర్డరులో ప్రస్తావించిన ఎడమ కాలు, వాహనములో కూర్చున్న వ్యక్తికి ఎడమయా, లేక వాహనమునకు ఎదురుగా నిలబడి చూచు అధికారికి ఎడమయా అన్నది స్పష్టము కాలేదు. పొరపాటున వేరొక కాలిపై చర్య తీసుకొన్నచో న్యాయపరమైన చిక్కులు తలెత్తగలవు. వివరణ కోరుతూ, సక్రమ మార్గమున సమర్పించడమైనది."

నేరుగా రమ్మని ఆర్డరుకు చెప్పారు గానీ, నేరుగా వెళ్ళమని ప్రశ్నకు ఎవరూ చెప్పలేదు. ఆర్డరును దానికి గుండుసూదితో గుచ్చి మణెమ్మ గారికి ఇచ్చాను. ఆవిడ రెండుసార్లు చదివింది. "దీన్ని నేను కొంచెం నిదానంగా చూడాలండీ" అని చెప్పి, బల్ల మీద పెట్టుకుని భోజనం క్యారియరు విప్పింది.

నాలుగో బల్ల వారు రెండు వైపుల నుంచీ కాలి బొమ్మ గీసి జతపరచమన్నారు. గీసి ఇచ్చాను. ఆరో బల్ల వారు ఎదురుగా నిలబడి చూచు అధికారి హోదా ఏమిటని అడిగారు. ఎనిమిదో బల్ల వారు వీడ్కోలు సభలో ఉన్నారు.

సభలో అందరూ మాట్లాడారు. నన్నూ మాట్లాడమన్నారు. లేచి, "నాగుల్ మీరా భాయ్ మంచి డ్రైవరు. ఆయన కాళ్ళు రెండూ మంచివి" అన్నాను. ఇంకా చాలా అనుకున్నాను గానీ బయటికి వచ్చింది అంతే. దండ వేశారు, శాలువా కప్పారు, మిక్చరు పంచారు. గోడ గడియారం ఐదు కొట్టింది. ఆయన కారు తాళాలు బల్ల మీద పెట్టి, అందరికీ నమస్కారం చేసి, గేటు మీది బ్యానరు కింద నుంచి కుంటుకుంటూ ఇంటికి వెళ్ళాడు. ఐదూ నలభైకి నా ప్రశ్న డైరెక్టరు గారికి చేరింది.

మర్నాడు ఆయన నన్ను పిలిపించారు. మొహం ఎర్రగా ఉంది. "నీ ఒక్కడి దగ్గర ఎంత నష్టం జరిగిందయ్యా?"

"నూటికి నూరు సార్" అన్నాను. ఈసారి లోపల ఎంత ఉందో అంతా బయటికి వచ్చింది.

ఇప్పుడు ఛార్జి మెమో నా మీద ఉంది. రెండు చేతులు, రెండు కాళ్ళు, ఒక బుర్ర ఖాళీగా ఉంచినందుకట. నా సస్పెన్షన్ ఆర్డరు మీద సంతకం కూడా అయిపోయిందంటున్నారు. బల్లలన్నీ మళ్ళీ యథాస్థానానికి వచ్చాయి కాబట్టి నాకింకా అందలేదు.

ఆగస్టులో ఒక ఆదివారం బ్రాడీపేటలో కూరగాయలు కొంటుంటే వెనక నుంచి హారను వినిపించింది. నాగుల్ మీరా. గేర్లు లేని స్కూటరు కొనుక్కున్నాడు. కుడి చేత్తో పట్టుకుని, ఎడమ కాలు ముందు పలక మీద హాయిగా చాపుకుని కూర్చున్నాడు.

"చూశారా ఏఈ గారూ, దీనికి క్లచ్చి లేదు, గేరు లేదు. ఎడం కాలుకు పనేం చెప్పట్లా. ఊరికే పెట్టుకుని తిరుగుతున్నా. ఎవరూ అడగటంలా" అన్నాడు, నవ్వుతూ.

నాకు నోరు దురద పెట్టింది. అలాంటి స్కూటర్లలో గేర్ల బదులు బెల్టు ఉంటుంది. గేర్ల బండి కంటే అందులో శక్తి ఇంకాస్త ఎక్కువే పోతుంది. ఎంత పోతుందో కూడా నాకు తెలుసు.

"బండి బాగుంది భాయ్" అని, వంకాయలు ఏరుకున్నాను.